చెడిన కారు – చెడని దానం

వాజశ్రవసుడు యజ్ఞం చేసి తన సర్వస్వమూ దానమిచ్చిన కథ కఠోపనిషత్తులో ఉన్నది. దక్షిణగా ఇవ్వవలసిన గోవులను యజ్ఞశాల వద్దకు తోలుకొని వస్తున్నారు. ఆ మందను చూచిన చిన్నవాడు నచికేతుని మనస్సు చివుక్కుమన్నది. అవి ఈతలుడిగిన ముసలి ఆవులు. పాడి ఏనాడో ఆగిపోయినది, మేతకు వంగే సత్తువ కూడ లేదు. ఇటువంటి వాటిని దానమిచ్చిన తండ్రికి పుణ్యలోకం ఎట్లా లభిస్తుందని ఆ బాలుడు శంకించాడు. తరువాత తండ్రి కోపించడం, కుమారుడు యముని ఇంటి వాకిట మూడు రాత్రులు నిరాహారంగా నిలవడం, ఆత్మవిద్యను వరంగా పొందడం పాఠకులెరిగినవే. ఆ మహోపదేశం ముందు కథారంభంలోని చిన్న ప్రశ్న మరుగున పడిపోతున్నది. తనకు అక్కరకు రాని వస్తువును ఒకరికి అప్పగించి, దానిని దానమని పిలువవచ్చునా?

ఈ ప్రశ్నకు ఉపనిషత్కాలంతో కాలదోషం పట్టలేదు. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అది గోవులను వదలి మోటారు కార్లను ఆశ్రయించినది. ప్రమాదంలో నలిగిన కారును, ఇంజను చెడిన కారును, వరదలో మునిగిన కారును ధర్మసంస్థలకు దానమివ్వడం ఆ దేశంలో ఒక ఆచారంగా స్థిరపడినది. ధర్మసంస్థలు, వేలంపాటదారులు, రేడియో స్టేషన్లు, పన్నుల శాఖ, చివరకు శాసనసభ కూడ ఆ ఆచారంతో సంబంధం కలిగినవే. చెడిన వస్తువు దానయోగ్యమా, కాదా అన్న విచారణను అక్కడివారు శాస్త్రచర్చగా కాక జమాఖర్చుల లెక్కగా నడిపి ఒక నిర్ణయానికి వచ్చినారు. ఆ లెక్క తెలుసుకోదగినది.

వాకిట నిలిచిపోయిన బండి

అమెరికాలో కొన్ని మహానగరాలను మినహాయిస్తే కారు లేనిదే సంసారం సాగదు. ఇల్లు ఒకచోట, ఉద్యోగం ఒకచోట. బడి, ఆసుపత్రి, అంగడి వేరొకచోట. బస్సు తిరగని దారులు అనేకం. కాబట్టి అక్కడ కారు భాగ్యానికి గుర్తు కాదు; రైతుకు ఎద్దులవంటి నిత్యావసరం. ఆ కారు ఒకనాడు దెబ్బతింటుంది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు బండి వెలకు మించిపోతుందని మెకానిక్కు తేల్చిచెప్పిన నాటినుంచి, నిన్నటి వాహనం వాకిట పడి ఉన్న ఇనుము అవుతుంది.

పూర్తి బీమా ఉన్న కారైతే కథ వేరు. నష్టం ఒక హద్దు దాటినప్పుడు బీమా కంపెనీ దానిని పూర్తినష్టంగా లెక్కకట్టి, యజమానికి సొమ్ము చెల్లించి, బండిని తాను తీసుకొంటుంది. ఆ హద్దు రాష్ట్రానికొక తీరుగా ఉన్నది. సొమ్ము పుచ్చుకొన్న తరువాత ఆ కారు యజమానిది కాదు. దానిని దానమిచ్చే అధికారమూ అతనికి ఉండదు. కొంత తక్కువ సొమ్ముకు ఒప్పుకొని బండిని తనవద్దనే ఉంచుకొన్నవాడు మాత్రం దానమివ్వవచ్చును. అప్పుడు దాని యాజమాన్య పత్రం మీద 'సాల్వేజ్' అన్న ముద్ర పడుతుంది. ఇక పాతకార్లు నడిపేవారిలో చాలామంది ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే బీమా కట్టి ఉంటారు. వారి బండి చెడితే వచ్చేది ఏమీ లేదు. పాతయినుము వర్తకునికి అమ్మడమో, ధర్మసంస్థకు ఇవ్వడమో వారికి మిగిలిన మార్గాలు.

ఇవ్వదలచినవానికి పని తేలిక. ధర్మసంస్థకుగాని, దాని తరఫున పనిచేసే కంపెనీకిగాని కబురు చేస్తే చాలును. బండి ఏ సంవత్సరానిది, ఎన్ని మైళ్లు తిరిగినది, నడుస్తుందా, తాళంచెవి ఉన్నదా, టైటిల్ అనే యాజమాన్య పత్రం చేతిలో ఉన్నదా అని అడుగుతారు. రెండు మూడు రోజులలో లాగుడుబండి వచ్చి, సాధారణంగా ఏమీ రుసుము తీసుకోకుండానే, కారును ఎత్తుకొని పోతుంది. యజమాని పత్రంపై సంతకం చేస్తాడు, రసీదు తీసుకొంటాడు. వాకిలి శుభ్రపడుతుంది, మనస్సుకు తృప్తి కలుగుతుంది. ఇంత సులభంగా పుణ్యం దొరికినప్పుడే దాని వెల ఎంతో విచారించవలసి ఉంటుంది.

లాగుడుబండి పోయే చోటు

కారు నేరుగా అనాథశరణాలయానికో, ఆసుపత్రికో పోతుందని దాత ఊహించుకోవచ్చును. సామాన్యంగా జరిగేది అది కాదు. చాలా ధర్మసంస్థలు ఆ కారును కంటితో కూడ చూడవు. అది వేలంపాట ఆవరణకు చేరుతుంది. అక్కడ పాడుకొనేవారు విడిభాగాల వర్తకులు, బండ్లను తిరిగి నిలబెట్టి అమ్ముకొనేవారు, తుక్కుకొట్లవారు.

నుజ్జయిన కారులో కూడ ప్రాణమున్న భాగాలు ఉంటవి. ముందుభాగం నలిగినా వెనుక తలుపులు, చక్రాలు, సీట్లు బాగుండవచ్చును. ఇంజను పాడైనా గేరుపెట్టె పనికిరావచ్చును. బ్యాటరీలోని సీసం కరిగించి మళ్లీ వాడుకొంటారు. పొగగొట్టంలో విషవాయువులను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టరు అనే పరికరంలో ప్లాటినం, పలాడియం, రోడియం వంటి విలువగల లోహాలు స్వల్పంగా ఉంటవి. ఇవన్నీ తీసిన తరువాత మిగిలిన ఉక్కును యంత్రాలు ముక్కలుచేసి కొలిమికి పంపుతవి. చెడిన కారుకు వేలంలో వచ్చే ధర ఈ భాగాల ధరే. అందులోనుంచి లాగుడుబండి కూలి, వేలంవారి రుసుము, ప్రకటనల ఖర్చు, నడుమ పనిచేసిన కంపెనీ వాటా పోగా మిగిలినది ధర్మసంస్థకు ముట్టుతుంది.

ఇందులో తప్పు ఏమున్నదని అడుగవచ్చును. పనికిరాని సామానుతో పరోపకారం చేయడం అమెరికాలో కారుకంటె ముందే పుట్టిన పద్ధతి. 1890లో సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ తాను ప్రకటించిన గ్రంథంలో, లండన్ ఇళ్లలో వృథాగా పారవేసే వస్తువులను సేకరించి నిరుద్యోగులకు పని కల్పించాలన్న పథకం వివరించాడు. 1902లో బోస్టన్ నగరంలో ఎడ్గార్ హెల్మ్స్ అనే క్రైస్తవ బోధకుడు కలిగినవారి ఇళ్లనుంచి పాతబట్టలు, విరిగిన సామాను సేకరించి, బీదవారిచేత బాగుచేయించి, అమ్మించి, వారికి కూలి గిట్టేటట్లు చేశాడు. గుడ్‌విల్ అనే సుప్రసిద్ధ సంస్థకు అదే నాంది. ఈ ఇరువురి ఆలోచనలోనూ పాతవస్తువుకు, పేదవానికి నడుమ పని అనే వంతెన ఉన్నది. చిరిగిన కోటు కుట్టేవాని చేతిలో కూలిగా మారినది. కుట్టిన కోటు కొన్నవానికి తక్కువ ధరకు చలి తీర్చినది.

కాలక్రమాన పాతబట్టల సరసన పాతకార్లు వచ్చి చేరినవి. రేడియో స్టేషన్లు కూడ ఈ దానాలతో కొంత ఖర్చు గడుపుకొంటున్నవి. ప్రజావిరాళాలతో నడిచే ఆ స్టేషన్లలో టామ్, రే మాగ్లియోజీ అనే సోదరులు 'కార్ టాక్' కార్యక్రమం ద్వారా శ్రోతల బండ్ల జబ్బులకు నవ్వులతో కలిపి మందు చెప్పేవారు. వారి కొత్త ప్రసంగాలు 2012లో ఆగినవి. కాని ఆ కార్యక్రమం పేరుతో పాతకార్ల దానపథకం స్టేషన్లకు తోడ్పడుతూనే ఉన్నది.

చచ్చినవాడి కళ్లు చారెడు

దానం ఇంతవరకే ఉంటే శాసనసభ కల్పించుకొనే అవసరం ఉండకపోవును. చిక్కంతా పన్నులో వచ్చినది. ధర్మసంస్థకు ఇచ్చిన దానపు విలువను దాత తన ఆదాయంలోనుంచి తగ్గించి చూపి, మిగిలినదానిపై పన్ను కట్టవచ్చునన్నది అక్కడి చట్టం. ధనమిచ్చినవానికి లెక్క స్పష్టం. నూరు డాలర్లిస్తే నూరు డాలర్లే. కారు ఇచ్చినవాడు ఎంత చూపాలి? న్యాయమైన అంగడి వెల ఎంతో అంత అని చట్టం చెప్పినది. దాత కార్ల ధరల పుస్తకం తీసి, తన కారు నమూనాకు మంచి స్థితిలో ఉన్న ధర ఎంతో చూచి, ఆ అంకెను వేసేవాడు. తలుపు సొట్టపడినదని, ఇంజను మూలుగుతున్నదని పుస్తకానికి తెలియదు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్లు, నిలిచిపోయిన కారుకు నడిచే కారు విలువ వచ్చేది.

ఇది ఎంతదూరం పోయినదో 2003 నవంబరులో బయటపడినది. అమెరికా శాసనసభ తరఫున ప్రభుత్వపు లెక్కలు తనిఖీచేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు ఆ నెలలో ఒక నివేదిక ప్రకటించినది. 2000వ పన్ను సంవత్సరంలో సుమారు 7 లక్షల 33 వేలమంది, 500 డాలర్లకు మించిన విలువగల వాహనాలను దానమిచ్చినట్లు చూపి, మొత్తం మీద సుమారు 65 కోట్ల 40 లక్షల డాలర్ల పన్ను తగ్గించుకొన్నారని ఆ నివేదిక అంచనా కట్టినది. పరీక్షకులు 54 దానాలను తీసుకొని, ఒక్కొక్క కారు ఏ ధరకు అమ్ముడైనదో, ధర్మసంస్థకు ఎంత ముట్టినదో జాడతీశారు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల దానాలలో, దాత చూపిన విలువలో 5 శాతమో అంతకంటె తక్కువో ధర్మసంస్థకు చేరినది.

ఒక ట్రక్కు కథ ఆ నివేదికలో అందరి దృష్టినీ ఆకర్షించినది. అది 1983 నాటి బండి. 2001లో దానంగా వచ్చినది. దాత పన్ను పత్రంలో దానికి వేసిన విలువ 2,400 డాలర్లు. వేలంలో పలికిన ధర 375 డాలర్లు. ఖర్చులన్నీ పోగా ధర్మసంస్థ చేతిలో పడినది 31 డాలర్ల 50 సెంట్లు.

దాత అబద్ధమాడినాడని చెప్పడానికి వీలులేదు. పుస్తకంలోని ధర నిజమే. వేలంలోని ధరా నిజమే. ఆ రెండు నిజాల మధ్యనున్న అగాధంలో ప్రజాధనం జారిపోతున్నది. పన్ను తగ్గినంతమేర దేశపు ఖజానా తగ్గుతుంది. ఆ లోటు ఇతరులే పూడ్చాలి. అత్తసొమ్ము అల్లుడు దానం చేసిన సామెతకు ఇంతకంటె తగిన ఉదాహరణ దొరకదు.

విద్యార్థులకు ఒక లెక్క

ఈ సంగతిని తరగతిలో నల్లబల్లపై వేసి చూడవచ్చును. ధరల పుస్తకంలో 4,000 డాలర్లు ఉన్న ఒక కారు చెడిపోయినదనుకొందాం. వేలంలో దానికి 900 వచ్చినవి. ఖర్చుల కింద 300 పోగా ధర్మసంస్థకు 600 మిగిలినవి. దాత తన ఆదాయంపై నూటికి 22 వంతున పన్ను కట్టేవాడు.

అతడు 4,000 చూపితే అతనికి తగ్గే పన్ను 880 డాలర్లు. అంటే ధర్మసంస్థకు 600 చేర్చడానికి ఖజానా 880 పోగొట్టుకొన్నది. ఆ కారును దాతయే స్వయంగా అమ్ముకొని ఉంటే 900 వచ్చేవి. ఇప్పుడు 880 పన్ను రూపంలో మిగిలినవి. అంటే అతని చేతినుంచి నిజంగా జారినది 20 డాలర్లు మాత్రమే. 20 ఇచ్చినవాడికి 4,000 ఇచ్చిన కీర్తి దక్కినది.

అతడు 900 మాత్రమే చూపితే తగ్గే పన్ను 198 డాలర్లు. అమ్ముకొంటే వచ్చే 900లో 198 తిరిగివచ్చినవి కాబట్టి, అతడు నిజంగా త్యాగం చేసినది 702 డాలర్లు. ధర్మసంస్థకు చేరినది రెండు సందర్భాలలోనూ 600యే. దానం ఒకటే, లెక్క మారేసరికి దాత మారిపోయినాడు.

శాసనసభ ఈ రెండవ లెక్కనే చట్టం చేసినది. 2004 అక్టోబరులో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం పొందిన 'అమెరికన్ జాబ్స్ క్రియేషన్ యాక్ట్'లోని ఒక నిబంధన, 2005 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చినది. దాని సారాంశం ఇది: 500 డాలర్లకు మించిన విలువ చూపదలచిన వాహనాన్ని ధర్మసంస్థ అమ్మివేసినప్పుడు, అమ్మకంలో వచ్చిన మొత్తానికి మించి దాత చూపరాదు. అమ్మిన 30 రోజులలోగా ధర్మసంస్థ అమ్మకపు ధరను తెలియజేస్తూ వ్రాతమూలకమైన పత్రం ఇవ్వాలి. ఆ పత్రంపై కారు గుర్తింపు సంఖ్య కూడ ఉండాలి. దాని నకలు పన్నుల శాఖకు చేరుతుంది. 500 లోపు అమ్ముడైతే, అంగడి వెలకు, 500కు ఏది తక్కువో అది చూపవచ్చును.

ఈ చట్టం వచ్చిన తరువాత పన్ను పత్రాలలో చూపే వాహనదానాల సంఖ్యా, వాటి మొత్తపు విలువా బాగా పడిపోయినవి. అంతకుముందు ఇచ్చినవారిలో కొందరు దేనికోసం ఇచ్చినారో ఆ తగ్గుదలయే చెప్పినది. అయితే దానం ఆగిపోలేదు. పైగా 2017లో వచ్చిన మరొక చట్టం అందరికీ సామాన్యంగా ఇచ్చే తగ్గింపును ఇంచుమించు రెట్టింపు చేసినది. దానితో దానాలను విడివిడిగా చూపి పన్ను తగ్గించుకోవలసిన అవసరం పెక్కుమందికి లేకపోయినది. అటువంటివారు చెడిన కారును ఇస్తే వచ్చే పన్నులాభం ఏమీ ఉండదు. అయినా ఇచ్చేవారున్నారు. ప్రత్యుపకారం కోరి ఇచ్చిన దానాన్ని రాజసమనీ, కోరకుండా తగినవానికి ఇచ్చినదానిని సాత్త్వికమనీ భగవద్గీత పదునేడవ అధ్యాయం విభజించినది. అమెరికా శాసనసభ గీత చదివి చట్టం చేయలేదు. లెక్క సరిచేసేసరికి ఆ విభజన దానంతట అదే కనబడినది.

బండి బాగుపడే చోటు

ఆ చట్టంలోని మినహాయింపులు దానికంటె విలువైనవి. మూడు సందర్భాలలో దాత అమ్మకపు ధరను విడిచి, కారు పూర్తి అంగడి వెలను చూపవచ్చును. ధర్మసంస్థ ఆ బండిని తన సేవాకార్యానికే గట్టిగా వాడుకోవడం ఒకటి. కదలలేని వృద్ధులకు ప్రతిదినమూ ఏడాదిపాటు భోజనం చేరవేయడం వంటిది ఇందుకు ఉదాహరణ. బండికి పెద్ద మరమ్మతు చేసి దాని విలువను నిజంగా పెంచడం రెండవది. రంగు వేయడం, సొట్టలు తీయడం, సీట్లు శుభ్రపరచడం ఈ లెక్కలోకి రావని పన్నుల శాఖ స్పష్టం చేసినది. అవసరంలో ఉన్న బీదవానికి ఉచితంగానో, బాగా తక్కువ ధరకో ఇవ్వడం మూడవది. వస్తువు డబ్బుగా మారిపోకుండా వస్తువుగానే ఉపకారం చేసినచోట చట్టం తన పట్టు సడలించినదన్నమాట.

ఈ మూడవ మార్గాన నడిచిన సంస్థలున్నవి. వెర్మాంట్ రాష్ట్రంలో 1996లో హాల్ కోల్‌స్టన్ 'గుడ్ న్యూస్ గరాజ్' అనే సంస్థను ప్రారంభించాడు. అది కొండలు, మంచు, ఎడమెడంగా ఉన్న పల్లెలు గల రాష్ట్రం. కారు లేని తల్లికి పొరుగూరిలో ఉద్యోగం దొరికినా పోయే దారి ఉండదు; ఉద్యోగం లేనిదే కారు కొనలేదు. ఈ విషవలయాన్ని తెంచడానికి దానంగా వచ్చిన కార్లను మరమ్మతు చేసి అటువంటి కుటుంబాలకు అందజేయడం ఆ సంస్థ పని. మేరీలాండ్ రాష్ట్రంలో 1999లో ఆరంభమైన 'వెహికల్స్ ఫర్ ఛేంజ్' సంస్థదీ అదే మార్గం. అది ఒక అడుగు ముందుకు వేసి, చెరసాలనుంచి విడుదలైనవారికి ఆ కార్లపైనే మెకానిక్కు పని నేర్పుతున్నది. ఒకే చెడిన కారు ఒకనికి వృత్తి, మరొకరికి వాహనం అవుతున్నది. హెల్మ్స్ నాటి చిరిగిన కోటు మళ్లీ కుట్టేవాని చేతికి వచ్చినట్లయినది.

బాగుపడే దశ దాటిపోయిన కారు మాటేమిటి? దానికీ పాత్రులున్నారు. ప్రమాదంలో చిక్కుకొన్నవారిని బయటికి తీయడానికి అగ్నిమాపకదళాలవారు ద్రవపు ఒత్తిడితో పనిచేసే కత్తెరలవంటి హైడ్రాలిక్ పనిముట్లతో కారు తలుపులు, స్తంభాలు కోయడం నేర్చుకోవాలి. అది బొమ్మలు చూచి నేర్వదగిన విద్య కాదు. నిజమైన కార్లను కోసి నేర్వాలి. వృత్తివిద్యాలయాలలో మోటారు పని నేర్చుకొనే పిల్లలకు కూడ మంచి కారుకంటె చెడిన కారే మంచి పుస్తకం. రోగం లేని శరీరంతో వైద్యవిద్య సాగనట్లే, దోషం లేని యంత్రంతో మెకానిక్కు విద్య సాగదు.

దానశాస్త్రాలు పాత్రుని విచారించుమన్నవి. పాత్రుడంటే గుణవంతుడని మాత్రమే సామాన్యంగా అర్థం చెప్పుకొంటారు. ఆ మాటకు మరొక అర్థం కూడ చెప్పుకోవలసి ఉన్నది. ఇచ్చే వస్తువుతో ఎవనికి అవసరమో వాడే ఆ వస్తువుకు పాత్రుడు. పాడి ఆవు కావలసినవానికి వట్టిపోయిన ఆవునిచ్చి, పాడి ఆవు నిచ్చినట్లు లెక్కవేసుకోవడంలో దోషం ఉన్నది. నలిగిన కారును నలిగిన కారుగానే చెప్పి, దానితో పని ఉన్నవారికి ఇవ్వడంలో దోషం లేదు.

చెప్పవలసిన నిజం

ఇందులో మరొక ధర్మసూక్ష్మం ఉన్నది. అది పన్నుకంటె బరువైనది. 2005లో కత్రీనా, 2012లో శాండీ, 2017లో హార్వీ తుఫానులు లక్షల సంఖ్యలో కార్లను ముంచివేసినవి. వరదలో నానిన కారు ఆరిన తరువాత పైకి శుభ్రంగానే కనబడుతుంది. లోపల విద్యుత్తు తీగలు తుప్పుపట్టుతూ ఉంటవి. ఆపత్సమయంలో విచ్చుకోవలసిన గాలిసంచులు విచ్చుకోకపోవచ్చును. అటువంటి బండ్ల పత్రాలను ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి మార్చి, దోషపు ముద్ర మాయమయ్యేటట్లు చేసి అమ్మేవారున్నారు. దానమిచ్చేవాడు తన కారు మునిగినదనిగాని, దాని చట్రం వంగినదనిగాని చెప్పకుండా దాచితే, ఆ మౌనం వేలంలో చేతులు మారి చివరకు ఒక బీదకుటుంబపు ప్రయాణంలో ప్రాణాంతకం కావచ్చును. ఉచితంగా ఇచ్చినది కదా అన్న మాట అక్కడ సమాధానం కాదు.

అమెరికాలో చదువులకు, ఉద్యోగాలకు పోయిన తెలుగువారికి ఈ విషయం పరాయిది కాదు. అక్కడ అడుగుపెట్టిన విద్యార్థి కొనేది తరచుగా చేతులు మారిన పాతకారే. చదువు ముగిసి వేరొక ఊరికి పోయేనాటికి దానిని వదిలించుకోవలసి వస్తుంది. అటువంటివారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. యాజమాన్య పత్రం తమ పేరనే ఉండాలి. దానిపై బ్యాంకు అప్పు తీరి ఉండాలి. పుచ్చుకొనే సంస్థ పన్నుల శాఖ గుర్తింపు పొందినదో కాదో ఆ శాఖవారి బహిరంగ జాబితాలో చూచుకోవచ్చును. అమ్మకపు సొమ్ములో ఎంతభాగం సేవకు పోతుందో ముందే అడగాలి. ఆ ప్రశ్నకు తిన్నని జవాబు రాకపోతే మరొక సంస్థను వెదకాలి. బండి చేయిమారినట్లు రాష్ట్రపు మోటారు వాహనాల శాఖకు తెలియజేయాలి. లేకపోతే ఆ బండి తరువాత చేసే తప్పులకు, నిలిపినచోట పడే జరిమానాలకు పాతపేరే పలుకుతుంది. పత్రంలో కొన్నవాని పేరుండే చోటును ఖాళీగా విడిచి సంతకం చేయడం ఎన్నడూ కూడదు.

ఇక్కడి మాట

భారతదేశంలో ఈ ఆచారం వేళ్లూనలేదు. దానికి ఒక కారణం స్పష్టం. ధర్మసంస్థలకిచ్చే దానానికి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందే పద్ధతి, 1961 చట్టంలోని 80జి సెక్షను నాటినుంచి ధనరూపమైన విరాళాన్నే లెక్కలోకి తీసుకొన్నది. వస్తురూపమైన దానాన్ని తీసుకోలేదు. అందువల్ల అమెరికాలో 2004 వరకు సాగిన విలువల వింత ఇక్కడ పుట్టడానికే అవకాశం లేకపోయినది. చెడిన బండిలోని భాగాలకు మాత్రం ఇక్కడ ఏనాడూ కరవు రాలేదు. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల పాతబండి భాగాలు కొత్త జీవితం ఎత్తుతూనే ఉన్నవి.

ఇక్కడి యజమానికి సరళమైన మార్గం ఒకటి ఉన్నది. బండి శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోతే, 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం 14 రోజులలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏర్పడిన గుర్తింపు పొందిన తుక్కుకేంద్రాలు బండిని పుచ్చుకొని, లోహపు విలువ చెల్లించి, డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తవి. చేతికి వచ్చిన ఆ సొమ్మును నచ్చిన సంస్థకు చెక్కు రూపంలో ఇస్తే, దానం ఎంతో దాతకూ తెలుస్తుంది, పుచ్చుకొన్నవారికీ తెలుస్తుంది. అలాగాక ఏదైనా పారిశ్రామిక శిక్షణ సంస్థకు పాఠ్యసామగ్రిగా బండినే ఇవ్వదలచినవారు, ముందుగా రిజిస్ట్రేషను సంగతి చక్కబెట్టి, బండి దోషాలన్నీ కాగితంపై వ్రాసియివ్వడం మంచిది. ఆ దోషాల జాబితాయే శిష్యులకు మొదటి పాఠం కాగలదు.

పాఠశాలలలో విద్యార్థులచేత పాతపుస్తకాలు, పాతబట్టలు సేకరింపజేయడం పరిపాటి. వరదలు వచ్చినప్పుడు సహాయశిబిరాలకు చేరే మూటలలో కట్టుకోవడానికి వీలులేని చినుగులు కూడ ఉంటవని వాటిని విప్పినవారికి తెలియును. అక్కడ వాటిని ఏరి పారవేయడానికే కొందరి కాలం వ్యయమవుతుంది. మూట కట్టకముందే పిల్లలచేత మూడు ప్రశ్నలు వేయించవచ్చును. ఈ వస్తువు ఎవరికి పనికివస్తుంది? దీని లోపం వారికి తెలియజెప్పినామా? దీనిని వారికి పనికివచ్చేటట్లు చేయడానికి అయ్యే శ్రమ ఎవరిది? మూడవ ప్రశ్నకు తమదేనని జవాబు చెప్పి, ఊడిన గుండీని కుట్టి, చిరిగిన అట్టను అంటించి పంపిన పిల్లవాడు ఇచ్చినది పాతవస్తువే. దానిలో అతడు కలిపిన శ్రమ మాత్రం కొత్తది.